ఫొటోలో పట్టేంత గోడ

ఆదివారం ఉదయం. మబ్బు పట్టి ఉంది. గుమ్మం లోపల బావ, బయట బావమరిది.

“ఆగాగు, అక్కడే ఆగు! చెప్పులు విప్పకు.”

“ఇదేం మర్యాద బావా? అక్క మా ఇంటికొచ్చి నెల దాటింది. ఇన్నాళ్ళకి బావమరిది వస్తే గుమ్మంలో నిలబెడతావా?”

“నిలబెట్టడం కాదురా, బయట గాలి బాగుంది. మెట్ల మీద కూర్చుందాం. అవునూ, నెత్తిన ఆ పసుప్పచ్చ డిప్పేంటి?”

“హెల్మెట్. కట్టుబడి పనివాళ్ళు పెట్టుకుంటారే, అది. ఇవాళ్టి నా టోపీ ఇదే.”

“ఇది టోపీ కింద లెక్కేనా? మన టోపీల వాట్సాప్ గ్రూపులో పెద్దాయన ఒప్పుకున్నాడా?”

“తల మీద నిలబడేది ఏదైనా టోపీయే అన్నాడు.”

“ఆయనకేం, ఎన్నైనా అంటాడు. ఎక్కడిదది?”

“మేస్త్రీ ఇచ్చాడు.”

“మేస్త్రీతో నీకేం పని?”

“ఏదో... దార్లో కనిపించాడు. అది సరే గానీ, నీ నల్ల టోపీ భలే ఉంది బావా. ఈక మార్చావా?”

“కనిపెట్టావా! అందుకే నువ్వంటే నాకిష్టం. మీ అక్క ఇన్నేళ్ళు కాపురం చేసింది, ఈక ఏ వైపుందో అడిగితే చెప్పలేదు.”

“అక్క ఈకలు చూద్దామని రాలేదు మరి నీ ఇంటికి.”

“మళ్ళీ మొదలెట్టావా?”

“నేను మొదలెట్టడమేంటి? మధ్యాహ్నం కునుకు తీస్తుంటే కప్పు పెచ్చూడి అక్క దిండు పక్కనే పడింది. అక్క కెవ్వుమంది. నువ్వు లేచి ముందు ఏం తడిమావు?”

“నిద్రలో రా... చేతికేది తగిలితే అది...”

“టోపీ తడిమావు. ‘హమ్మయ్య, నలగలేదు’ అన్నావు. ఆ ముక్క అక్క ఇప్పటికీ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి తలుచుకుంటుంది.”

“నోరు జారాను, ఒప్పుకుంటాను. ఇల్లు బాగుచేస్తే గానీ గడప తొక్కనంది. సరేనన్నాను. చేశాను. రోజూ చూస్తూనే ఉన్నారుగా గ్రూపులో!”

“చూస్తున్నాం చూస్తున్నాం. టోపీ ఫొటో, దాని కింద ఆ రోజు ఇంట్లో చేసిన పని. డాబా మీద పగుళ్ళు పూడ్చానన్నావు. వంటింటి కొళాయికి వాషరు మార్చానన్నావు. గోడలన్నిటికీ రంగన్నావు. ‘ఇలాంటి సభ్యుడు మన టోపీల గ్రూపుకే వన్నె’ అని పెద్దాయన రాశాడు.”

“రెండు చేతులూ జోడించిన బొమ్మ కూడా పెట్టాడు.”

“నీ వెనకాల ఆ లేత నీలం గోడ చూసి మా ఆవిడ కుళ్ళుకుందనుకో.”

“పెయింట్ల కొట్లో పనిచేసేవాడి గోడంటే మాటలా మరి!”

“మరయితే లోపలికి రానివ్వవేం?”

“రంగు... ఆరలేదు.”

“పోయిన నెల్లో వేసిన రంగు!”

“మంచి రంగు నిదానంగా ఆరుతుందిరా. మా కొట్లో అందరికీ అదే చెప్తాం.”

“తప్పుకో బావా.”

“ఒరేయ్, ఒరేయ్! ఆ మూల అడుగెయ్యకు, కప్పు కారుతోందని బకెట్టు పెట్టాను! అయిపోయింది. తన్నేశావు.”

“ఓరి నాయనో! ఇదేంటి బావా?”

“అరవకు. పక్కవాళ్ళు వింటారు.”

“ఇదా ఆ నీలం గోడ? చుట్టూ నాచు, చెమ్మ, పెచ్చులు. మధ్యలో కిటికీ అంత నీలం!”

“ఫొటోలో అంతే కదా పట్టేది.”

“ఫొటోలో పట్టేంత గోడకే రంగేశావా!”

“కొట్లో శాంపిల్ డబ్బా అడుగున కాస్త మిగిలింది. భుజాల నుంచి టోపీ కొస దాకా సరిపోయింది. ఎక్కడ నిలబడాలో నేల మీద సుద్దతో గీత కూడా గీసుకున్నాను. గీత దాటితే నాచు పడుతుంది.”

“మరి డాబా పగుళ్ళు?”

“పూడ్చాలనే ఉందిరా.”

“కొళాయి?”

“వాషరు కొన్నాను. అదిగో, కిటికీలో ఉంది.”

“అంటే నువ్వు గ్రూపులో పెట్టినవాటిలో టోపీ ఒక్కటే నిజమన్నమాట.”

“టోపీ విషయంలో నేనేనాడూ అబద్ధమాడలేదు. సరే, నీ వెటకారం తర్వాత. మీ అక్క నా ఫొటోలు చూస్తోందా?”

“చూడకేం? పొద్దున లేస్తూనే నా ఫోను లాక్కుంటుంది. నా పేరు మీద నీకు రోజూ పడే బొటనవేలు గుర్తు అక్కదే.”

“నిజంగా? నా టోపీకి మీ అక్క బొటనవేలా!”

“రెండు వేళ్ళతో పెద్దది చేసి మరీ చూస్తుంది. చాలాసేపు.”

“చచ్చాను. గోడ చూస్తోందిరా. రంగు అంచు ఎక్కడుందా అని వెతుకుతోంది.”

“ఏం చూస్తుందో నాకేం తెలుసు? చూసి, ‘ఊఁ’ అని ఫోను నా చేతిలో పెట్టి పనిలో పడిపోతుంది.”

“ఆ ‘ఊఁ’ ఎలాంటి ‘ఊఁ’?”

“మామూలు ‘ఊఁ’.”

“మీ అక్క దగ్గర మామూలు ‘ఊఁ’ లేదురా, నాకు తెలుసు. ఒరేయ్, నిజం చెప్తున్నా, తను లేకపోతే నాకేం తోచట్లేదు. పొద్దున టోపీ పెట్టుకుంటే ‘ఆ వేషమేంటండీ’ అనే మనిషి లేదు. గ్రూపులో అందరూ బాగుందంటారు, ఏం లాభం? ఒక్క వారం తనని ఆపరా. నా మాట విను. ఈసారి నిజంగా చేయిస్తాను.”

“వారం కుదరదు.”

“నాలుగు రోజులు.”

“కుదరదు బావా. బయల్దేరింది.”

“ఎవరు?”

“ఎవరేంటి, అక్క. ఇక్కడికే.”

“ఇంతసేపూ ఈకల గురించి మాట్లాడతావేంరా, సన్నాసీ!”

“చెప్పడానికి మొహం చెల్లక. బావా... ఇంట్లో తడవని గదులెన్ని?”

“ఎందుకు?”

“ఊరికే. ఒకటా, రెండా?”

“వంటింట్లో సగం.”

“సగమంటే ఎన్ని చాపలు పడతాయి?”

“మీ అక్క ఒక్కదానికి అన్ని చాపలెందుకురా? ఆగాగు. ఆ హెల్మెట్ తియ్యి.”

“ఉండనీలే.”

“తియ్యమంటున్నానా! అయ్యో, చెవి పైన ఆ కట్టేంటి? ఇంతకీ ఆ మేస్త్రీ ఎందుకు కనిపించాడు దార్లో?”

“దార్లో కాదు. నేనే ఇంటికి పిలిపించాను. నిన్న మా ముందుగది కప్పు కూలింది.”

“అయ్యయ్యో! ఎవరికైనా...”

“ఎవరికీ ఏం కాలేదు. అందరూ వంటింట్లో ఉన్నారు, అదృష్టం. నాకే కాస్త గీసుకుంది. మేస్త్రీ చూసి, ‘ఇందులో ఒక్క పూట కూడా ఉండొద్దు’ అన్నాడు. నా మొహం చూసి జాలేసి హెల్మెట్ ఇచ్చి పోయాడు.”

“మొన్నేగా ఆ గదంతా ప్లాస్టరింగ్ చేయించానని రాశావు! నీ వెనకాల తెల్లగా, మల్లెపువ్వులా మెరిసిపోతోంది గోడ!”

“అది గోడ కాదు బావా. దుప్పటి.”

“దుప్పటా!”

“ఇస్త్రీ చేసి మేకులకి తగిలించాను. నువ్వు నయం, ఉన్న గోడకే రంగేశావు.”

“దొందూ దొందే! మరి ఇప్పుడు మీరంతా ఎక్కడికి...”

“ఇక్కడికే. అక్క, మా ఆవిడ, పిల్లలు, మా అత్తగారు. ‘మీ బావగారి ఇల్లు అద్దంలా ఉందట కదా’ అని ఆవిడ ఒకటే సంబరం. నిన్ను ముందుగా సిద్ధం చేద్దామని నేను బస్సులో వచ్చేశాను.”

“ఇదేనా సిద్ధం చెయ్యడం! బయట ఆ చప్పుడేంటి?”

“సామాను దించుతున్నారు.”

“తలుపెయ్యి. కాదు కాదు, తెరువు. నేను గీత మీద నిలబడతాను. నువ్వు ఈ పక్కన నిలబడు, నాచు కనపడకూడదు. ఇటు, ఇటు! నవ్వుతూ ఉండు.”

“బావా, అక్క లోపలికొచ్చేసింది.”

“ఏంటి, ఇద్దరూ అలా గోడకి అతుక్కుపోయారు?”

“రా, రా. అదీ... చూడు, నీలం రంగు. నువ్వు అడిగినట్టే...”

“ముందు పక్కకి జరగండి.”

“జరిగితే...”

“మీ నెత్తి మీదే పెచ్చు వేలాడుతోందండీ! జరగమంటుంటే!”

“అమ్మో, పడింది! నన్ను లాగడానికి నువ్వెందుకు ముందుకొచ్చావు? తగిలిందా? ఏదీ, ఇలా చూడు. కళ్ళలో పడిందా?”

“నాకేం కాలేదు. టోపీ చూసుకోండి, ఈక విరిగింది.”

“తగలెయ్యి టోపీని! ఇదిగో, చెప్పేస్తున్నాను. ఇల్లేం బాగుచెయ్యలేదు. ఈ ముక్కకే రంగేశాను. ఫొటో పెద్దది చేసి చూస్తున్నావని ఇప్పుడే తెలిసింది, గోడ సంగతి బయటపడిందేమోనని గుండె జారిపోయింది.”

“గోడ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. రోజూ టోపీ మీద కొత్త సున్నం పొడి కనిపిస్తుంటే తెలీదా?”

“మరి అంతంతసేపు ఏం చూసేదానివే?”

“ఇంకేం చూస్తాను? టోపీ కింద తల బాగానే ఉందా అని.”