తల్లి దిక్కా, తండ్రి దిక్కా

హలో… ఆ, నేనే, పుష్పొదినా. జంగయ్యను. నకిరేకల్ల నూనె మిల్లు నుంచి మాట్లాడుతున్న.

వినపడుతాందా… నాకు గూడ సన్నగనే వినపడుతాంది. గట్టిగ మాట్లాడరాదు. బయట మిల్ట్రీ లారీ ఆగి ఉన్నది. గుమస్తా జల్ది కానియ్యమంటాండు. నువ్వు చేసే దవాఖానల ఫోనున్నదని యాదికొచ్చి ఉరికొచ్చిన.

వదినా, ఒక్కటే అడుగుత. మీ చెల్లె… కిష్టమ్మ నీ దగ్గరికి వచ్చిందా?

…

హలో. ఉన్నవా?

ఉన్నవు గద. మరి చెప్పవేంది.

నెలలు నిండిన మనిషి. ముగ్గురు పిల్లలను ఎంబడి తీస్కపోయింది. ఆదివారం పొద్దుగాల నేను మంద తోలుకపోయిన. వచ్చేవరకు ఇంట్ల ఎవ్వరు లేరు. కుండల జొన్నగట్క పోసింది పోసినట్టే ఉన్నది…

లే. కొట్టలే. దానిమీద ఎన్నడు చెయ్యి లేపలే.

ఊళ్లె బాయిలన్నిట్ల గాలం ఏసి చూసినం, వదినా. గాలానికి ఏదన్న తట్టినప్పుడల్ల నా పానం పోయింది. ఒక బాయిల బరువుగ తగిలింది. గుంజితె… గోనెసంచి.

చెప్పు, వదినా. నీ కాళ్లు మొక్కుత.

…

ఉన్నదా.

మల్లొకసారి చెప్పు… నీ దగ్గరనే ఉన్నదా. పిల్లలు గూడ… ముగ్గురు…

ఆగు. జర ఆగు.

అమ్మా, ఉన్నదట. పట్నంల వాళ్లక్క దగ్గరనే ఉన్నదట. పిల్లలు గూడ ఉన్నరట…

నీతోని కాదు, వదినా, మా అమ్మతోని. నాతోనే నడిచొచ్చింది. మిల్లు గడపల కూసున్నది. కోడలు పోయిన కాడికెల్లి ముద్ద ముట్టలే.

తిట్టు. తిట్టాల్సిందే. గాని ఎట్ల వచ్చిందది గంత దూరం… పల్లికాయల లారీల… డ్రైవరు సాయిబు ఎక్కించుకున్నడా. దవాఖాన గేటు కాడ దించి పోయిండా. వాని కడుపు సల్లగుండ.

ఆ… కాన్పయిందా? ఎప్పుడు…

రక్తమా.

ఎంత పోయింది, వదినా… ఇప్పుడెట్లున్నది? కండ్లు తెరుస్తాందా… మాట్లాడుతాందా… డాక్టరమ్మ ఏమంటాంది… ఇంక రెండు దినాలు గడువాలెనా.

గడువాలె అంటే… గడువకపోతె…

సరే. సరే, అడుగ.

పుట్టింది కొడుకో, బిడ్డో… గది గూడ చెప్పవా. మంచిది. నీకు ఎప్పుడు చెప్పబుద్దయితె అప్పుడే చెప్పు.

ఎందుకు పోయిందంటే… దాన్నే అడుగకపోయినవా… చెప్పిందా. అంత చెప్పిందా.

ఔను. అన్నది. మా అమ్మనే అన్నది. గీసారి గూడ ఆడపిల్లయితె ఇంట్లకు తేవొద్దు, బాయిల ఏసి రా అన్నది. కోపంల వచ్చిన మాట, వదినా, గంతే గాని…

నేనా?

నేనేమనలే. అన్నం తింటున్న.

…

గదే. ఏమనలే. వంచిన తల ఎత్తలే.

నాకు రెండో పెండ్లి ముచ్చట గూడ నిజమే. గుట్టమీద నర్సింహస్వామి దగ్గర చేద్దామన్నరు. గుర్వయ్య బిడ్డను. వాళ్లింట్ల ఆరుగురు మొగపిల్లలు, గీమె ఒక్కతే ఆడిది. గసుంటి ఇంటి పిల్లొస్తె మనకు గూడ మొగసంతు అయితదని…

నా మాట గూడ విను, వదినా. మా తాతకు నలుగురు కొడుకులు. మా నాయినకు మేం ముగ్గురం. మీ ఇంట్ల జూస్తె అయిదుగురు అక్కచెల్లెండ్లు. మీ అమ్మ తోడబుట్టినోళ్లు గూడ అందరు ఆడోళ్లే. ఆళ్ల నెత్తురే గసుంటిదని ఊరంత అన్నది. నేను గూడ గట్లనే అనుకున్న.

మా అమ్మను ఏమనమంటవు… నీకెరికే గద. మా అన్న మల్లయ్యను, తమ్ముడు పెద్దులును రజాకార్లు ఒక్కతాన నిలవెట్టి కాల్చిరి. మంద ఎంబడి పోయినందుకు నేను మిగిలిన. ఆళ్లు పోయిరి, మిల్ట్రోళ్లు వచ్చిరి. ఇప్పుడు సంఘపోళ్లు, ఆ కమ్యూనిస్టులు ఏడున్నరని అడుక్కుంట ఇంటింటికి వచ్చి మొగోళ్లను పట్కపోతున్నరు. నిద్రల నా ఎదమీద చెయ్యేసి చూస్తది మా అమ్మ, ఊపిరి ఆడుతాందా లేదా అని. నేను గూడ పోతె ఇంట్ల మొగపురుగు ఉండదని దాని భయం… లే, అన్న మాట తప్పు గాదంటలే. తప్పే. భయంల అన్నది, గంతే.

ఏంది… డాక్టరమ్మను అడిగిందా? ఎవరు, కిష్టమ్మనా… మంచంల పడి గూడ ఆడపిల్లలే ఎందుకు పుడుతున్నరని అడిగిందా.

ఏమన్నదట మరి.

…

మెల్లగ చెప్పు. నాకు సమజ్ కాలే.

తల్లి దగ్గర ఉండే విత్తు ఒక్క తీరుదే… ఆ. తండ్రి దగ్గర రెండు తీర్లయి ఉంటయి. అండ్ల ఏది పోయి కలిస్తె గది…

అంటే తల్లి దిక్కు కాదు.

తండ్రి దిక్కు.

…

నా దిక్కు.

మరి మా తాతకు, మా నాయినకు అందరు మొగోళ్లే గద. ఆళ్ల నెత్తురే గద నాది… గట్ల గూడ కాదా. ఇంటి వరుసల రాదా. గవ్వలాటల తీరు… ఎప్పటికప్పుడు పడ్డది పడ్డట్టా. గుర్వయ్య ఇంట్ల ఆరుగురు పుట్టింది గూడ గట్లనేనా.

డాక్టరమ్మ ఒట్టిగ ఏం చెప్పదు గద… ఆ. సదువుకున్నామె.

ఇన్నేండ్లు దాన్ని వాళ్లొక మాట, వీళ్లొక మాట అనుడు. నేను ఇనుడు.

ఏందమ్మా… ఆ, చెప్త, నువ్వు కూసో.

తప్పు కిష్టమ్మది కాదట, అమ్మా. వాళ్ల నెత్తుర్ల ఏం లేదట. మనింటి నెత్తుర్ల గూడ ఏం లేదట. బిడ్డో కొడుకో తేలేది తండ్రి దిక్కుకెల్లట. గుర్వయ్య బిడ్డను తెచ్చినా మొగన్ని నేనే గద… నేనే గద, అమ్మా.

…

మా అమ్మ, వదినా… కొంగు నోట్ల కుక్కుకున్నది.

ఇగ చెప్పు. ఏం పుట్టింది.

…

ఆడపిల్ల.

బతికున్నది గద? ఏడుస్తాందా… బాగ ఏడుస్తాందా. ఏడువనియ్యి.

ఆడపిల్లే, అమ్మా. పానంతోని ఉన్నది.

రానంటాందా కిష్టమ్మ… రాకపోతె నేనే వస్త. గుర్వయ్య ఇంటికి ఇయ్యాల్నే పోయి పెండ్లి లేదని చెప్త. రేపు బయలెల్లుత… భయమే, ఎందుకుండదు. పర్మిటు లేని మొగోడు రోడ్డు మీద కనవడితె లారీల ఏస్తున్నరు. నేను గిట్ట రాకపోతె… దారిలనే పట్టుకున్నరని చెప్పు దానికి. ఇంటి కాడ కూసున్నడని అనుకోనియ్యకు.

నమ్మదా.

నమ్మకపోవుడే న్యాయం, వదినా.

అయిపోయింది, అయ్యా, ఒక్క మాట… గుమస్తాతోని అంటున్న, వదినా. మిల్ట్రాయన లోపటికి వస్తాండట. పెట్టెయ్యాలె. నువ్వు దాని దగ్గర్నే ఉండు. జర రక్తం…

ఏందమ్మా? ఏమడుగాలె?

వదినా, మా అమ్మ అడుగుతాంది. పాలు పడ్డయా అని. గంత రక్తం పోయింది గద, పిల్లకు సాలుతయా అని…

హలో.

పాలు, వదినా. కిష్టమ్మకు పాలు పడ్డయా…

హలో… హలో…

లైను పోయిందా, అయ్యా? మల్ల కలువదా… ఇయ్యాల ఇగ కలువదా.

ఇగో. పెట్టేస్తున్న.

పడ్డయట, అమ్మా. లెవ్వు, పోదాం. పడ్డయట.