గోడ లేని కణం

ముందుగదిలో కుట్టుమిషను, పక్కన గుడ్డముక్కల బుట్ట. నాయనమ్మ ఒళ్ళో, బడిలో సైన్సు ప్రదర్శనకని గుడ్డతో కుడుతున్న కణం నమూనా. బడి నుంచి వచ్చిన మనవరాలు ఇంకా భుజం మీది సంచి దించలేదు.

"కేంద్రకం ఏది నాయనమ్మా?"

"ముందు కాళ్ళు కడుక్కో."

"నిన్న పైకి కనబడేలా కుట్టావు కదా, ఎర్ర మఖమలుది. ఏది?"

"ఎటో వెళ్ళింది. ఈ ఇంట్లో కుదురుగా ఉన్నదేముంది కనక."

"నీ ఒళ్ళో ఉన్నది ఉత్త సంచిలా ఉంది. ఇలా ఇవ్వు."

"ముట్టుకోకు, సూది ఉంది."

"కిందంతా దారం ముక్కలే. మళ్ళీ విప్పావా?"

"పాతదారం. చివికిపోయి తెగింది."

"తెగితే కొసలు పీచుల్లా ఉంటాయి. ఇవి కత్తెరతో కోసినట్టున్నాయి. ఈ తేడా నువ్వే నేర్పావు."

"నేర్పినందుకు నా మీదే వాడుతున్నావు. చదువంటే ఇదే కాబోలు."

"సోమవారం మైటోకాండ్రియా ఊడిపోయాయన్నావు. బుధవారం రైబోజోముల్ని ఎలక ఎత్తుకెళ్ళిందన్నావు. గాజుపూసలు తినే ఎలక ఎక్కడుంది?"

"దానికి పళ్ళు గట్టివేమో. అయినా నువ్వేం తక్కువ తిన్నావు? మొదట జంతుకణం అన్నావు. అంతా అయ్యాక కాదు, వృక్షకణం, చుట్టూ గోడ కట్టు అన్నావు. నిన్న హరితరేణువులు పన్నెండు కావాలన్నావు. రేపు ఆ గోడకి కిటికీలు పెట్టమంటుందేమో మీ టీచరు."

"టీచరు మారిస్తే నేనేం చెయ్యను?"

"పాపం, ఆవిడకి ఇంట్లో పనేం ఉండదు."

"గోడ కాదు, కణకవచం. అది కూడా తప్పే వేశావు. కవచం బయట ఉండాలి, పొర లోపల ఉండాలి. నువ్వు గట్టిగా ఉండే బక్రం గుడ్డ లోపల పెట్టి, పొర బయట వేశావు."

"కాలరు నిలబడ్డానికి బక్రం లోపలే వేస్తారు. నలభై ఏళ్ళుగా లోపలే వేస్తున్నాను. బయట వేస్తే జనం నవ్వుతారు."

"ఇది కాలరు కాదు నాయనమ్మా."

"అందుకే విప్పాల్సొచ్చింది."

"ఇప్పుడే తెగిందన్నావు."

"కొంత తెగింది, కొంత విప్పాను. పాఠం చెప్పు, పరీక్ష ఉందిగా. ఆ పొర ఏం చేస్తుంది?"

"మాట మారుస్తున్నావు."

"మార్చడం నీ ఒక్కదానికే వచ్చా? చెప్పు."

"ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో చూసుకుంటుంది. పూర్తిగా మూసుకుపోతే కణం బతకదు. రాకపోకలు ఉండాలి."

"ఊఁ. కేంద్రకం?"

"అది చెప్పినట్టే అన్నీ నడుస్తాయి."

"తను మాత్రం మధ్యలో కూర్చుని ఉంటుంది. మీ తాతే. బతికున్నన్నాళ్ళూ గ్లాసుడు మంచినీళ్ళు లేచి తెచ్చుకున్న పాపాన పోలేదు. రైబోజోములు?"

"ప్రొటీన్లు తయారుచేస్తాయి. తెరిపి లేకుండా."

"ఇంతింత పూసలంత ఉండి. కోడళ్ళై ఉంటాయి. మడతలు మడతలుగా రిబ్బను పెట్టాం చూడు, అదేమిటి?"

"గాల్జీ. తయారైనవాటిని పొట్లాలు కట్టి, ఎక్కడికి పోవాల్సినవి అక్కడికి పంపిస్తుంది."

"మీ అమ్మ. వేరే ఊళ్ళో నర్సు ఉద్యోగం రాగానే రెండు పెట్టెలు అరగంటలో సర్దింది. ఇప్పుడు ఉండడానికి గదులు దొరికాయి, ప్రదర్శన కాగానే నిన్నూ పొట్లం కట్టి తీసుకుపోతుంది. లైసోజోము అంటే మీ అత్త. అది నాకు గుర్తే."

"చెత్తంతా అరిగించేస్తుంది. పగిలితే సొంత కణాన్నే తినేస్తుంది."

"అదే, మీ అత్తే. మరి కోటుగుండీలు పెట్టినవి?"

"అవే మైటోకాండ్రియా. తిన్నదాన్ని శక్తిగా మారుస్తాయి."

"పొయ్యి దగ్గర నిలబడేవన్నమాట. నేనే. పోనీలే, నాకూ ఒక చోటు దొరికింది."

"నువ్వు కాదు."

"ఏం, ఎందుకు కాను?"

"వద్దులే."

"చెప్పవే."

"అవి తల్లి నుంచే వస్తాయి. నావన్నీ అమ్మవి. నీవి నాన్నకి వచ్చాయి. నాన్న నుంచి నాకు రావు."

"అంటే వాడితోనే పోయాయి."

"నాయనమ్మా..."

"సరిగ్గానే చెప్పావు. మార్కులు పడతాయి."

"కేంద్రకంలో సగం నాన్నది. అందులో నీదీ ఉంటుంది."

"ఎంత?"

"ఇంచుమించు పావు వంతు."

"పావు చాలు. పావు మీటరు గుడ్డలో జేబురుమాళ్ళు కుట్టొచ్చు... పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది."

"ఏమంది?"

"ప్రదర్శన మూడుసార్లు వాయిదా వేసే బడి ఎక్కడా చూడలేదంది. నేనూ చూడలేదన్నాను."

"అదీ... వానల వల్ల."

"వాన పడి పదిరోజులైంది."

"హాలు దొరకలేదు. హాలు కూడా దొరకలేదు."

"పోయినవారమే మీ టీచరు వచ్చింది, జాకెట్టు కొలతలివ్వడానికి."

"ఏ టీచరు?"

"గోడలు కట్టమనే టీచరు. పాపం, తను కణాన్ని మార్చిన సంగతి ఆవిడకే తెలీదు."

"ప్రదర్శన అయిపోయి రెండు వారాలైంది నాయనమ్మా."

"తెలుసు. ఏం పట్టుకెళ్ళావు దానికి?"

"ఏం పట్టుకెళ్ళలేదు. సున్నా వేశారు."

"ఆ సున్నానే చూపించి కణం అనాల్సింది. గుండ్రంగానే ఉంటుందిగా."

"నాకు వెళ్ళాలని లేదు. అమ్మ దగ్గరికి వెళ్ళాలనీ ఉంది. నువ్వు ఒక్కదానివే ఇక్కడ..."

"నాకు మిషను ఉంది. నీలా ఎదురు చెప్పదు."

"అంతా తెలిసి రోజూ ఎందుకు విప్పావు మరి?"

"నువ్వు రోజూ ఎందుకు కుట్టమన్నావో అందుకే."

"ఇవాళ కూడా విప్పావు. కేంద్రకం కూడా తీసేశావు."

"తీసింది గోడని. పొద్దున మీ అమ్మకి ఉన్న సంగతి చెప్పేసి, అప్పుడు తీశాను. కేంద్రకం లోపలే ఉంది, చెయ్యి పెట్టి చూడు. ఊడకుండా రెండుసార్లు కుట్టాను. ఇది ఇంక ఎవరికీ చూపించడానికి కాదు, తలకింద పెట్టుకోవడానికి."

"ఈ పక్కన ఏంటిది, జిప్పా?"

"రాకపోకలు ఉండాలన్నావుగా. పో, కాళ్ళు కడుక్కుని బట్టలు మడతపెట్టుకో. మీ అమ్మ ఆరింటి బండికి వస్తోంది."