బండారి ముట్టిన ఓటు

చర్చి ముందుకు వచ్చిన పెద్దలారా, అక్కలారా, తమ్ములారా! అక్కను పోగొట్టుకున్న జక్కయ్య బావా, తల్లిని పోగొట్టుకున్న బిడ్డా క్రిస్టీనా! మన ఎలీషమ్మక్క పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. నేను తాపీ మేస్త్రి గౌరయ్యను. మైకు ముందు నిలబడటం నాకు కొత్త. అయినా ఈ రోజు మాట్లాడకపోతే ఇంకెప్పుడూ మాట్లాడలేను.

రెండేళ్ల కిందటి చికున్‌గున్యాను ఎవరు మరిచిపోయారు? శామీర్‌పేట చుట్టుపక్కల మంచం పట్టని ఇల్లుందా? కీళ్లు బిగుసుకుపోయి నేను తాపీ పట్టలేకపోయాను. నా భార్య చెంబు ఎత్తలేకపోయింది. పని లేదు, కూలి లేదు, మూడేళ్ల పిల్లాడికి జ్వరం. బియ్యం డబ్బా అడుగు కనబడితే గుండె ఎట్లా జారుతుందో మీకు చెప్పాలా? అప్పుడు మన అక్క, తన మోకాళ్లు వాచి ఉన్నా, గోడలు పట్టుకుని నడుస్తూ ఇంటింటికీ జావ పోసింది.

ఆ రోజుల్లోనే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. అక్క మన వార్డుకు నిలబడింది. ఆమెకు పోటీగా నిలబడినాయన తన ఇంటి అరుగు మీద జ్వరం సూదులు వేయించాడు. ఊరికే వేయించాడా? పోచమ్మ గుడి పసుపు, ఆ బండారి ముట్టించి, ఓటు తనకేనని ఒట్టు పెట్టించుకున్నాడు. మన రేషన్ కార్డులు తన దగ్గరే పెట్టుకున్నాడు. తెలిసిన వెంటనే అక్క వెళ్లి ఆయన గడప ముందు కూర్చుంది. "కార్డులిచ్చేదాక లేవ. గవి మా పిల్లల బువ్వ" అన్నది. పొద్దున కూర్చున్న మనిషి మధ్యాహ్నానికి కార్డులన్నీ కొంగున కట్టుకుని వచ్చింది. ఇంటింటికీ పంచుతూ తనకు ఓటెయ్యమని అడిగిందా? అడగలేదు. "కడుపు కాలి జేసిన ఒట్టును ఏ దేవుడు లెక్కల రాసుకోడు. మీ ఇష్టమున్నోళ్లకు ఎయ్యుండ్రి" అని వెళ్లిపోయింది.

అక్క రెండు ఓట్లతో ఓడిపోయింది. మన వాడంతా అక్కకే వేశామన్నారు. మరి వెన్నుపోటు ఎవరిది? గెలిచినాయన ఇంట్లో అంట్లు తోముతుందని అందరం సత్తమ్మ మీద పడ్డాం. రెండేళ్లు ఆమెను పెళ్లికి పిలవలేదు, చావుకు పిలవలేదు. ఎలీషమ్మక్క ఒక్కతే ఆ ఇంటికి వెళ్లి నీళ్లు తాగింది.

అయ్యలారా, వెన్నుపోటు సత్తమ్మది కాదు. ఆయనకు ఓటు వేసింది నేను, నా భార్య.

ఒట్టు తప్పితే పిల్లాడికి జ్వరం తిరగబెడుతుందని భయపడ్డాం. మళ్లీ మంచాన పడితే తినేదేముందని భయపడ్డాం. ఓడిపోయిన రోజు సాయంత్రం కూడా అక్క జావ తెచ్చి "పోరడికి జ్వరం తగ్గిందా తమ్మీ" అని అడిగింది. ఆ జావ గిన్నె తీసుకుని లోపలికి పోయాను. సత్తమ్మను మీరు తిడుతుంటే పక్కన నిలబడి విన్నాను, ఒకసారి నేనూ తిట్టాను. అక్క బతికుండగా నోరు విప్పలేని పిరికివాణ్ని నేను. తిట్టండి, పడతాను.

అదిగో, చివరి వరసలో, గేటు పక్కన కూర్చుంది సత్తమ్మ. అమ్మా, ముందుకు రా. నువ్వు వచ్చి అక్క ఫొటో పక్కన నిలబడు. ఆ తర్వాతే మేమందరం లేచి, నోరు మూసుకుని, రెండు నిమిషాలు తల దించుకుంటాం.