కొండ తవ్విన గరిటె

రాయపురం చేపల రేవు ఎదురుగా, ఎస్టీడీ బూత్ పక్కన మాదయ్య టీ కొట్టు. చిన్నస్వామికి మూడేళ్ళుగా సాయంకాలాలన్నీ ఆ బెంచీ మీదే. భార్య కస్తూరి అలిగి ఊరి చివర మనలిలో ఉన్న అన్నగారింటికి పోయింది, మళ్ళీ రాలేదు. ఇంటికి పోతే పలకరించే దిక్కు లేదు. జనం లేచిపోకుండా ఉండాలంటే కథ సాగాలి, సాగదీయడంలో మనవాడికి సాటి లేదు.

"ఓడలో వంటవాడిగా కెనడా పోయినా గదా, ఆడ కొండచరియ విరిగి ఏటికి అడ్డం పడింది. పైన నీళ్ళు ఎగదన్ని ఊళ్ళు మునగతా ఉండాయి, కింద ఏరెండి సాల్మన్ చేపలు బురదలో కొట్టుకుంటా ఉండాయి. సముద్రంలో పెరిగినా, గుడ్లు పెట్టేదానికి పుట్టిన ఏటికే పోవాల అవి. పాపమని బకెట్టుతో పదింటిని కొండ దాటించినా."

"పదేనా?" అన్నాడు హార్బర్ గుమాస్తా జయరామ్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పదీ పైనుంచి కేకేస్తే పదివేలు వచ్చి, రేషన్ కొట్టు కాడ మాదిరి లైన్లో నిలబడినాయి. ఎన్నని మోసేది? సాంబారు గరిటె తీసినా, మధ్యాన్నానికి కొండ లేదు. ఆగిన నీళ్ళన్నీ ఒక్కసారే దూకినాయప్పా, కింద నాలుగూళ్ళు. లుంగీ విప్పి ఏటికి అడ్డం కట్టి, కొంచెం కొంచెంగా వదిలినా."

"మరి నీకు?"

"తుండు ఉండె గదా."

జయరామ్ నవ్వి గడియారం చూసుకున్నాడు. చిన్నస్వామి అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఉండు తంబీ, ఆ చేపలు ఇప్పటికీ ఏటేటా నన్ను చూసేదానికి ఈ రేవుకి వస్తాయి."

చేపలమ్మే మునెమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "ముప్పై ఏళ్ళుగా ఈ రేవులో ఉండా అన్నా. ఒక్క చేపా నిన్ను అడగలేదే."

అందరూ పడీపడీ నవ్వారు, అతనూ నవ్వాడు.

"అన్ని చేపలకి దోవ తీసినోడివి, కస్తూరిని పిలిచేదానికి ఒక్కసారి పోతివా? అలిగి పోయిన ఆడది మొగుడు రాకుండా ఎట్లొస్తుంది? మనలి దోవలో ఏ కొండా పడలేదే" అంది మునెమ్మ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. చిన్నస్వామి చల్లారిన టీ పారబోశాడు.

"పోయి ఏం చెప్పేది మునెమ్మా? ఆమె కాడ నా కోతలు సాగవు. నేను ఏనాడూ ఓడెక్కలేదని ఆమెకి తెలుసు."