ఏటి ఆవల పుట్టినోని ముల్కీ కాగితం

"తాతా, లా సీటుకు ఫారం నింపుతున్న. సివిల్ చట్టం, అదే మీ దీవానీ, చదువుత, ఒక దేశంల నుంచి ఇంకో దేశంలకు వచ్చేటోళ్ల చట్టం గూడ చదువుత. నువ్వు చదివినప్పుడు గిసుంటివి ఉండెనా?"

ఉండె బిడ్డా, ఎందుకుండవు! జర ఆ తలుపు ముయ్యి... వద్దొద్దు, తెరిచే ఉండనీ. వంటింట్ల మీ అవ్వకు గూడ వినబడాలె, నేను తప్పు చెప్తే దిద్దుతది. నలుగురు వింటనే నాకు చెప్పబుద్ధైతది. జోగులాంబ తల్లీ, జర నా నాలుక మీద కూసో.

ఫారమన్నవు గద. దాంట్ల పుట్టిన ఊరు అని ఒక గడి ఉందా? ఆ గడే నన్ను తిప్పలు పెట్టింది.

అప్పుడు మనది నిజాం ముల్కు. తుంగభద్ర దాటితే కర్నూలు దిక్కు, ఇంగ్లీషోళ్ల రాజ్యం. ఈ ఒడ్డున హాలీ రూపాయి, ఆ ఒడ్డున కల్దారు రూపాయి. ఆవల సంతల గింత బెల్లం కొనాలన్నా పైసలు మార్చుకోవాలె, చూడు. వానకాలం తోలు పుట్టిల గిరగిర తిరుక్కుంట పోతుంటిమి, ఎండకాలమైతే మోకాలు గూడ తడవకపోతుండె. అయినా రెండు రాజ్యాలు! పెండ్లిసంబంధాలు మాత్రం ఏ సర్కారునూ అడగలే. మా అమ్మది ఆవల ఊరే. మీ అవ్వది గూడ. అందుకే గింత గట్టిగ మాట్లాడ్తది.

ఏడున్న? ఆఁ. గద్వాలల కరీం వకీల్ సాబ్ కాడ నకళ్లు రాస్తుంటి. పెద్ద మనిషి. ఆయన నమాజుకు లేస్తే నన్ను గుడికి పొమ్మంటుండె. "నువ్వు నీ దేవుని కాడికి పో, నేను నా దేవుని కాడికి పోత. మన కక్షిదారులైతే ఇద్దరికీ మొక్కి వస్తరు" అని నవ్వుతుండె. ఒకనాడు, "ఎన్నేండ్లు ఒకడు రాసింది దించుకుంట కూసుంటవ్? హైదరాబాద్ పోయి వకాలత్ చదువు, దీవానీ నీ తలకు బాగెక్కుతది" అన్నడు. 

ఆ కొలువుకు... కొలువు గాదు, చదువుకిచ్చే వజీఫాకు ముల్కీ కాగితం కావాలె. అంటే వీడు ఈ రాజ్యపోడే అని సర్కారు రాసిచ్చే కాగితం. వజీఫా రాకుంటే చదువు లేదు. మా నాయనకున్నది కొంచెం చెల్క, వానొస్తె జొన్న, రాకుంటే మన్ను. నన్ను పట్నంల ఉంచే తాకత్ ఏడిది?

దరఖాస్తు నేనే రాసిన. నా ఉర్దూ చూసుకొని నేనే మురిసిన. పుట్టిన ఊరు అన్నకాడ, దేవుడు చూస్తుండు గద, అబద్ధమెందుకని అమ్మమ్మ ఊరు రాసిన. తొలిచూలు కాన్పు పుట్టింట్లనే గద. ఏడో నెలల తీస్కపోతరు, కన్నంక మూడో నెలల తొట్టెలతోటి తోలుతరు. దానికీ రాజ్యానికీ ఏం సంబంధమనుకున్న!

పాలమూరు సర్కారు కచేరిల గుమాస్తా చదివిండు, ఎర్రసిరాతోటి గీత కొట్టిండు. "నువ్వు గైర్ ముల్కీ. పరాయి రాజ్యంల పుట్టినవ్" అన్నడు. గడువు గురువారం దాక. ఆనాడు శనివారం.

ఇంటికొచ్చి చెప్తి. మా అమ్మ అన్నం ముట్టలే. "నేను ఏరు దాటకపోతే నా కొడుకు వకీలయ్యేటోడు" అని ఒక్కటే ఏడుపు. మా నాయన, "నువ్వు దాటకపోతే మీ అమ్మ వచ్చి నా మీసాలు పీకేది, ఊకో" అంటడు. అమ్మ ఏడ్సుకుంటనే నవ్వింది. అన్నం మాత్రం తినలే.

వకీల్ సాబ్ కాడికి ఉరికిన. "మీరొచ్చి ఒక్క మాట చెప్పుండ్రి సాబ్."

"నేను రాను. గిది నీ మొదటి కేసు. ముల్కీ కానూన్ కితాబ్ అల్మారీల ఉంది, నీకు కండ్లున్నయ్."

చదివిన బిడ్డా. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివిన. దాంట్ల బిడ్డ ఏ ఇంట్ల ఏడ్సిండని లేదు. బిడ్డ పుట్టేనాటికి తండ్రి ఎన్నేండ్ల సంది ఈ ముల్కుల కాపురమున్నడని ఉంది. గంతే! పట్వారీ కాడ మా నాయన, మా తాత పేర్లున్న భూమి లెక్క, పహాణీ నకలు రాయించుకొని, బుధవారం రైలెక్కిన.

కచేరి నిండ జనం. గద్దె మీద కచేరి పెద్ద సాబు. పహాణీ చంకల పెట్టుకొని ముందరికి పోయి నిలబడ్డ. అంతమంది నా దిక్కు చూస్తుంటే ఏందో హుషారొచ్చింది. "హుజూర్, మా అమ్మ ఏరు దాటింది. ఇల్లు విడువలే. పోయేటప్పుడు ఇసుర్రాయి తీస్కపోలే, రోకలి తీస్కపోలే. పొయ్యిల నిప్పు మా నాయనమ్మకు ఒప్పజెప్పి పోయింది. కన్నది ఆవల, కాపురం ఈవల. కానూన్ అడిగేది కాపురాన్నే" అన్న.

సాబు పహాణీ చూసిండు, కితాబ్ తెప్పించి చూసిండు. మెల్లగ గుమాస్తా దిక్కు తిరిగి, "నువ్వేడ పుట్టినవ్?" అన్నడు.

గుమాస్తా కలం కింద పెట్టి, "బళ్లారిల హుజూర్... మా అమ్మమ్మ కాడ..." అన్నడు.

బళ్లారి ఎవరిది? ఇంగ్లీషోళ్లది! కచేరంతా ఒకటే నవ్వు. సాబు గూడ నవ్వి, "నాకు ఐదుగురు పిల్లలు. ఒక్కరూ నా ఇంట్ల పుట్టలే" అని దస్కతు పెట్టిండు.

మా అమ్మ ఆ కాగితాన్ని కండ్లకద్దుకొని, దేవుని గూట్ల పెట్టి, అప్పుడు అన్నం తిన్నది. 

అయితే ఆమెకు ఏరంటే భయం పోలే. నేను చదువు ముగించుకొని వచ్చినంక, మీ నాయన కడుపులున్నప్పుడు, మీ అవ్వను తీస్కపోనీకి ఆవల నుంచి బండి కట్టుకొచ్చిండ్రు. మా అమ్మ దర్వాజల అడ్డం నిలబడ్డది. "నా మనవడు ఈ ఒడ్డునే పుట్టాలె" అన్నది. మీ అవ్వేమో వాళ్ల అమ్మ కోసం లోపల వెక్కి వెక్కి ఏడుస్తుంది. నేనన్న, "అమ్మా, ఏరు దాటినోళ్లు ఇల్లు విడిచినట్టు గాదని నీ సంగతితోనే కేసు గెలిచిన. ఇప్పుడు నువ్వే నన్ను ఓడిస్తవా?"

మా అమ్మ దర్వాజల నుంచి పక్కకు జరిగింది. మళ్ల లోపలికి పోయి, కోడలి నొసట బొట్టు పెట్టి, "పోయి రా బిడ్డా. నువ్వొచ్చేదాక పొయ్యి నేను చూస్త" అన్నది.

ఏందే? ఆఁ... మీ అవ్వ అంటుంది, బండెక్కినంక ఊరి పొలిమేర దాక మా అమ్మ ఎనక నడిచొచ్చిందంట. నాకు తెల్వదు. గిన్నేండ్లకు ఇప్పుడు చెప్తుంది, చూడు.

ఇగ నీ ఫారం. నువ్వు గూడ తొలిచూలువే గద, కర్నూలు దవాఖానల పుట్టినవ్, మీ అమ్మమ్మ కాడ. రాయి, గదే రాయి, భయమెందుకు? రేపు ఎవరన్న ఏ ఏరో దాటొచ్చి నీ ముందర వణుక్కుంట నిలబడితే, ముందు కూసోబెట్టు, ఇన్ని నీళ్లియ్యి, కాగితం తర్వాత అడుగు. జోగులాంబ తల్లి నిన్ను సల్లగ చూడాలె. రాసినవా? ఏదీ, జర ఆ గడి నాకు చూపియ్యి...