మొప్ప లేపి చూసిన రాజక్క

ఏందే మౌనికా, ఆ తెల్ల డబ్బ? వైజాగు నుంచి చాపలా? అబ్బో, రైల్ల ఒళ్ళె పెట్టుకొని తెచ్చినవా నాకోసం? మంచిదే. ఆడ పెట్టు, సింకు పక్కకు. మూత ఇప్పుడే తియ్యకు, తీద్దాం తియ్. ముందు కూసో. ఫోన్ల ఫోటోలు చూపిస్తనంటివి గదా, చూపియ్యి. ఆ… ఇదేనా చాపల రేవు? మస్తు మారింది. పైన రేకులేసిండ్రు, కింద బండలేసిండ్రు. మేం పోయిననాడు ఇవన్ని ఎక్కడియి, గోతం పట్టాలు పరిచి ఎండలనే కుప్పలు పోసెటోళ్ళు. కాకులు, పిల్లులు, మనుషులు అందరొక్కకాడనే. రాజక్కను తోలుకపోయినం గదా అప్పుడు. ఏ రాజక్కా? నీకు తెల్వది లే. నువ్వప్పుడు తొట్టెల ఉన్నవ్. ఆమె పోయి పదిహేనేండ్లయితాంది.

కాజీపేటల మా రైల్వే క్వార్టర్ల మలుపు కాడ చాపలమ్మేది. ముదిరాజోళ్ళు, చెరువు చాపలు. పెద్ద సిల్వర్ గంగాళం, సగం నీళ్ళు, అండ్ల కొర్రమట్టలు, రవ్వలు. ఆదివారం చర్చి విడిచిపెట్టినంక ఆడోళ్ళందరం బైబిలు చంకల వెట్టుకొని సీద ఆమె కాడికే. మీ పెద్దనాయన గార్డు గదా, నన్ను ‘గార్డమ్మా’ అని పిలిచేది. పేరు పెట్టి పిలిచిందే లేదు, నా పేరు ఆమెకు తెలుసో లేదో గూడ నాకు తెల్వది. ఆమె పద్ధతి ఏందంటే, చాప కదలాలె. తోక మీద వేలితోని ఇట్ల టక్కున కొట్టేది. చాప వంకర తిరిగి నీళ్ళు మన మొకం మీద కొట్టాలె, అప్పుడే తూకం. చీరలు పాడైతుండె, ఎవరం ఏమనకపోతుంటిమి. ఎల్లకిల పడ్డ చాపను తీసి ఎనుక పారేసేది, కుక్కలకు. ఒకసారేమైందో తెలుసా, మా ఆడిబిడ్డ హన్నా వాళ్ళు చెప్పకుండ దిగిండ్రు, ఏడుగురు. ఉరికిన. గంగాళంల రెండే ఉన్నయి, అండ్ల ఒకటి అప్పుడే ఎల్లకిల పడ్డది, ఇంక మెరుస్తనే ఉన్నది. ఇయ్యవే రాజక్కా, ఇప్పుడే గదా పాణం పోయింది అన్న. ‘నీకు ఇప్పుడే పోయిందని తెలుసా గార్డమ్మా? నాకు తెల్వది. నాకు తెల్వనిది నేను అమ్మ’ అన్నది. ఆ దినం ఏడుగురికి గుడ్ల పులుసు పెట్టిన. హన్నా ఇప్పటికీ అంటది. చాపలకని పిలిచి గుడ్లు వెట్టిందని. నేను పిలవనే లేదు, అది వేరే సంగతి.

ఆఁ, ఏం చెప్తాన? వైజాగు. రాజక్కకు ఒక్కడే కొడుకు, కట్టయ్య. వానికి ఈ గంగాళం మోసుడు నచ్చలే. అప్పుడప్పుడే హన్మకొండల ఐసుపెట్టెలల్ల సముద్రం చాపలు అమ్ముడు షురువైంది. వంజరం, చందువ, ముండ్లు తక్కువ, పిల్లలు తింటాండ్రు. కట్టయ్య వైజాగుల ఎవనితోనో మాట్లాడి పెట్టుకున్నడు, గోదావరి రైలుబండ్ల పెట్టె వేస్తే ఈడ దింపుకొని అవ్వ పక్కన్నే కూసోని అమ్ముత అని. మరి కొనేటోళ్ళు? అందరం రాజక్క మాట మీద కొనేటోళ్ళమేనాయె. ఆమె ఒక్కసారి ‘ఇది మంచిదే, తీస్కపోండ్రి’ అంటె సాలు. ఆమె అననంటది. ‘ఐసుల పండుకున్నది సచ్చిన చాపనే గదరా. సచ్చినదాన్ని మంచిదని నేనెట్లంటరా?’ వానికి మాట ముడిపడ్డ పిల్ల ఉన్నది, ఆ పిల్ల తల్లిదండ్రులు గంగాళం మోసెటోనికి పిల్లనియ్యం అంటాండ్రు. గందుకని వాని తొందర వానిది. మేం మీ చిన్నాయన సుందర్ రావు ఇంటికి వైజాగు పోతానమని తెలిసి ఒకనాడు పొద్దుగాలనే తలుపు కొట్టిండు. ‘గార్డమ్మా, జర మా అవ్వను తోలుకపోండ్రి. ఆడ వేలమంది సచ్చిన చాపలే కొంటరు, తింటరు. కండ్లతోని చూస్తె ఒప్పుకుంటది. జర ఒప్పిచ్చుకరాండ్రి.’ నాకేం ఫికర్, ఒక మనిషి ఎక్కువైతే ఏమాయె. రమ్మన్న. ఆమె వస్తదనుకోలే గని, వచ్చింది. చిన్న సంచి, అండ్ల ఒక చీర, ఇంత చింతపండు. చింతపండెందుకే అంటె, ‘ఆడ పులుసు వండాల్సొస్తే వాళ్ళ చింతపండు ఎట్లుంటదో’ అన్నది.

పొద్దుగాల ఆరింటికి చాపల రేవుకు తీస్కపోయిండు సుందర్ రావు. రాజక్క సముద్రం దిక్కు ఒక్కసారి చూసింది, ‘మస్తు నీళ్ళున్నయి’ అన్నది, అంతే, ఇగ చాపల మీదనే కన్ను. కుప్ప కాడికి పోయింది, వంగింది, తోక మీద టక్కున కొట్టింది. కదల్లే. ఇంకో కుప్ప. టక్కు. కదల్లే. నేను ఎనుకనుంచి చెంగు గుంజుతాన, ఓ రాజక్కా, ఇవి బతికి ఉండవే, బోట్ల ఐసు మీద పెట్టుకొనే వస్తరట అని. వినదు. ‘ఒక్కటన్న ఉండదా గార్డమ్మా, ఇంత పెద్ద నీళ్ళల్ల ఒక్కటన్న పాణంతోని రాదా?’ అనుకుంట పోతాంది. అట్ల ఓ ఇరవై కుప్పలు కొట్టింది తోకలు. ఆఖరికి ఒక ముసలామె, నూకాలమ్మ, నోట్ల అడ్డపొగ, అదే, నిప్పు లోపలికి పెట్టి తాగే చుట్ట, లావుపాటి మనిషి, కత్తిపీట మీదకెల్లి తల గూడ ఎత్తకుండ అన్నది, ‘ఓలమ్మో, ఏటమ్మా, పొద్దున్నుంచి సూత్తన్నాను, తోకలు కొడతన్నావు. నిదర లేపుతున్నావేటి?’ ఇగ సూడు, చుట్టూ ఉన్న ఆడోళ్ళు పడి పడి నవ్వుడు. ఇంకొకామె, ‘బళ్ళోకి టైమైపోనాదని లేపుతన్నాది’ అని. నాకూ నవ్వొచ్చింది, ఎందుకు అబద్ధం. రాజక్క మొకం మాడిపోయింది. కాజీపేటల ఎవరన్న గట్లంటే నాలుగు తరాలు తిట్టేది. ఆడ మాత్రం చెంగుతోని వేళ్ళు తుడుచుకున్నది.

నూకాలమ్మనే మళ్ళ పిలిచింది. నువ్వు గూడ సేపలమ్మే మనిషివేనా అని అడిగింది, చేతులు చూసి గుర్తుపట్టినట్టున్నది. రాజక్క వేళ్ళ మీద అన్ని ముల్లు గీరిన గాట్లే గదా. ‘రా, ఇలా కూకో. బతికున్న సేప సంద్రంలో ఉంటాది గానీ నా బుట్టలో ఉంటాదేటి? ఇది ఇయ్యాలదా మొన్నటిదా, అది సూడాల.’ అని ఒక వంజరం తీసి మొప్ప లేపింది. లోపల బీట్‌రూటు కోసినట్టు ఎర్రగున్నది. ఇంకోటి తీసి లేపింది, అది మాసిపోయిన చాయ్‌పత్తి లెక్క. ‘ఇది నాను అమ్మను, ఎండబెడతాను.’ తర్వాత కన్ను చూడమన్నది, ఉబ్బి తేటగుండాలె. ఒంటి మీద వేలితోని ఒత్తమన్నది, గుంత పడితే తిరిగి లెవ్వాలె. అయిపాయె. రాజక్క ఆడ కూసున్నది కూసున్నట్టే. మొప్ప లేపుడు, చూసుడు, నూకాలమ్మకు చూపిచ్చుడు. ఇది? ఇయ్యాలదే. ఇది? నిన్నటిది. ఇది? మొన్నటిదే అని రాజక్కనే చెప్పె. నూకాలమ్మ తలూపె. పదకొండు దాటింది, సుందర్ రావు పెండ్లాం ఇంటికాడ అన్నం చేసి ఎదురుచూస్తాంది, మీ పెద్దనాయన గడియారం చూసుకుంట తిరుగుతాండు. బండికి పచ్చజెండా చూపిచ్చినట్టు రుమాలు ఊపిండు పాపం. రాజక్క లేస్తే గదా.

తినుడు? ఆ, తిన్నం. మంచిగ అడిగినవ్. నూకాలమ్మ కోడలు ఆ పక్కకే మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకున్నది. మనం కొన్నది మన ముందటనే చేసిస్తది. చందువ ముక్కలు, ఉప్పు, కారం, పసుపు రాసి పెనం మీద వేసింది. రొయ్యలు ఉల్లిగడ్డల ఏంచింది. ఇంకో దిక్కు పులుసు ఉడుకుతాంది. మేమందరం ఊదుకుంట తింటానం. ఇసుక పండ్ల కింద పడ్డా సరే, అంత రుచి మళ్ళ ఎన్నడూ తినలే నేను. రాజక్క ప్లేటు పట్టుకొని కూసున్నది, తినదు. ఏందే అంటె, ‘పులుసు ఇప్పుడే తింటరా? తెల్లారక?’ మా దిక్కు చాపల పులుసు వండిన్నాడు ఎవరు తింటరు, పొద్దుమీకి వండి తెల్లారి తింటం గదా. నూకాలమ్మ అన్నది, ‘తెల్లారితే మళ్ళీ కొత్త సేపొస్తాది గదే, పాతదెందుకు తినడం?’ అని. రాజక్క ఒక ముక్క నోట్ల పెట్టుకున్నది. నమిలింది. ముల్లు తీసి ప్లేటు అంచుకు పెట్టింది. ఇంకో ముక్క. బాగున్నదా అంటె ప్లేటు ముందటికి పెట్టింది. మూడుసార్లు పెట్టిచ్చుకున్నది. సంచిల చింతపండు తీసి నూకాలమ్మకిచ్చి వచ్చింది. రైల్ల మాత్రం ఒక్క మాటన్నది, ‘సచ్చిందంటె పాడైనట్టు గాదు గార్డమ్మా. నాకిన్నేండ్లు తెల్వదు.’ నేను మీ పెద్దనాయన దిక్కు చూసిన. కట్టయ్య పని అయినట్టే అనుకున్నం.

తర్వాత ఆదివారమే పెట్టె దిగింది. కట్టయ్య ముందుగాలనే అందరికీ చెప్పి పెట్టిండు. చర్చి విడువంగనే ముప్పై మందిమి ఆడ నిలబడ్డం. వానికి పిల్లనిచ్చెటోళ్ళు గూడ వచ్చిండ్రు, పండుగ లెక్క. కట్టయ్య ఇస్త్రీ అంగి వేసుకున్నడు. మూత తీసిండు. పైన ఐసు, కింద వంజరాలు, తళతళ మెరుస్తానయి. అవ్వా చెప్పు అన్నడు. రాజక్క వంగింది. తోక మీద కొట్టలే. మొప్ప లేపింది. చాయ్‌పత్తి. ఇంకోటి. గదే. ఒత్తి చూసింది, గుంత పడ్డది పడ్డట్టే ఉన్నది. వైజాగుల ఎవడో పాతయి నింపి పంపిండు. పోరనికీ తెలిసే ఉండాలె, మొకం తెల్లగయింది. చెవుల అంటాండు, నేను పక్కన్నే ఉన్న, విన్న. ‘ఊకోయే అవ్వా. ఈడ ఎవరికి తెలుస్తది?’ ఆమె చిన్నగనే అన్నది, ‘నాకు తెలుస్తది గదరా. మొన్నటిదాక తెల్వకపోతుండె.’ వాడు చేతులు పట్టుకున్నడు. ఈ ఒక్క పెట్టె, అవ్వా, ఈ ఒక్కటే. ఆమె చేతులు విడిపిచ్చుకొని ఒక్కొక్క చాపనే చూసింది, అందరం నిలబడి ఉండంగనే. ఎంతసేపు చూసిందనుకున్నవ్! ఆఖరికి తొమ్మిది పక్కకు తీసింది. ‘ఈ తొమ్మిది మంచియి, తీస్కపోండ్రి. తక్కినయి కొనకుండ్రి’ అన్నది. అందరు ఒకర్నొకరు చూసుకున్నరు. ఆ తొమ్మిది గూడ ఎవరు కొనలే. నేనూ కొనలే. ఎందుకంటవా? ఏమో, ఎవరూ చెయ్యి చాపలే, నేనూ చాపలే.

కట్టయ్య మళ్ళ పెట్టె తెప్పియ్యలే. ఆ సంబంధం గూడ చెడిపోయింది. రెండేండ్లు తల్లితోని మాట్లాడలే. నాతోని మాత్రం ఒక్కసారి మాట్లాడిండు, మా గేటు కాడ నిలబడి. ‘ఒప్పిచ్చుకరమ్మంటె నేర్పిచ్చుకొచ్చిండ్రు గదా గార్డమ్మా’ అన్నడు. నిజమేనాయె. ఇప్పుడు బాగనే ఉన్నడు, మడికొండ దిక్కు టైల్స్ దుకాణం, వేరే పిల్లను చేసుకున్నడు, కారున్నది. రాజక్క మాత్రం ఆ గంగాళంతోనే ఉన్నది ఆఖరిదాక. షుగరొచ్చి కాలు తీసిండ్రు. దవాఖానకు పోయి చూసి వచ్చిన, రొట్టె, బత్తాయిలు పట్టుకొని. మంచాన పడి ఉన్నది, నన్ను చూసి మొట్టమొదటి మాట ఏమన్నదో తెలుసా? కాలు సంగతి గాదు. ‘గార్డమ్మా, ఆనాడు పెట్టె మంచిగ వచ్చుంటె నేను అమ్ముతుంటి. కట్టయ్య పక్కన్నే కూసోని అమ్ముతుంటి. వానికి చెప్పు.’ చెప్పిన్నా? చెప్పలే. చెప్దామని అనుకుంటనే ఆమె పోయింది. తర్వాత చెప్తె ఏమొస్తది, వాని టైల్స్ వానివి. గట్ల చూడకు నా దిక్కు. అన్ని మాటలు అందరికీ చేరయి.

ఇగ తియ్యి ఆ మూత. ఏం చాపలు? చందువలా. పొద్దుగాలనే పట్టినయని చెప్పిండా అమ్మినోడు? సరే. ఆ పెద్దదాన్ని తియ్యి, మొప్ప లేపు. ఆడ గాదే, తల పక్కకు, ఆ. ఏ రంగున్నది? సక్కగ చూసి చెప్పు, నాకు కండ్లల్ల పొర వచ్చినంక రంగులు ఆనుతలేవు. నాకోసమని ఎర్రగున్నదనకు. ఊ. రెండోది లేపు. అదీ గంతేనా. మూడోది?

ఆ బాల్కనీ తలుపు తెరిచి జర పిల్లిని పిలువు. పప్పు నానబెడుత.