మూడు నెలల షుగర్

"మల్ల సూడు. పేరు సరిగ్గ సూడు."

"నా పేరే ఉన్నది, హన్నా. సంజీవరావు, నలభై ఆరు, మగ. ఇంకేం జూడాలె?"

"ఉప్పల్ల ఇంకో సంజీవరావు ఉండడా?"

"ఉంటడు. వానికి నా ఫోన్ నంబర్ ఉండదు."

ఉప్పల్‌లో ల్యాబ్ ఎదురుగా, మెట్రో పిల్లర్ నీడలో, సిమెంటు దిమ్మె మీద ఆ భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం రెండు దాటింది.

"మూన్నెల్ల షుగర్ ఎంతున్నది?"

"ఆరు పాయింట్ ఎనిమిది."

"మొదాలు ఎంతుండె?"

"ఆరు పాయింట్ ఒకటి. అంచు మీద ఉన్నవ్, మూన్నెల్లు నోరు కట్టుకో, నడువు, కిందికొస్తే మీ అన్నకు కిడ్నీ ఇచ్చే సంగతి సూద్దాం అన్నడు డాక్టర్. కిందికి రమ్మంటే పైకి వోయింది."

"ఇప్పుడేమంటుండు?"

"వాయిస్ మెసేజ్ విన్నవ్ గదా."

"సగం ఇంగ్లీష్ల చెప్పిండు. నాకు సమజ్ గాలే."

"నీ కిడ్నీ వద్దు అన్నడు. నువ్వే ఇప్పుడు షుగర్ పేషెంటువి, రేపొచ్చి గోళీలు రాయించుకపో అన్నడు. గంతే."

"గంతేనా?"

"అదే ఎక్కువనిపిస్తలేదా నీకు?"

"అది గాదు. ఇంకో మూన్నెల్లు టైం ఇయ్యమంటే..."

"మూన్నెల్లు అన్న ఆగుతడా? వారానికి మూడు సార్లు డయాలసిస్. వదినె బ్లడ్ గ్రూప్ కలవలే. కలిసింది నాదొక్కటే."

"నీళ్ళు తాగు జర. పెదాలు ఎండిపోయినయ్."

"నేను ఏం తిన్న హన్నా? నువ్వే చెప్పు. సిగరెట్ ఇడిసిన. గుట్కా ఇడిసిన. రాత్రి రెండింటికి కంపెనీల అందరు మిర్చి బజ్జీలు తింటుంటే, వాసన రావద్దని బాయిలర్ కాడికి పోయి నిలవడ్డ. చక్కెర లేని చాయ్ తాగిన. అది చాయ్ గాదు, కషాయం. డ్యూటీ దిగి నాచారం నుంచి ఇంటిదాక నడుసుకుంట వచ్చిన. బస్సుల పోయేటోళ్ళు కిటికీలకెళ్ళి నవ్విన్రు."

"పద్దెనిమిదేండ్ల నైట్ డ్యూటీ నీది. పగలు పంటవ్, రాత్రి తింటవ్. ఒంటికి ఏది పగలో ఏది రాత్రో తెల్వదు. మూన్నెల్లల్ల ఏం బాగైతది?"

"మరి సుధీంద్ర సారు? మా షిఫ్ట్ ఇంచార్జ్. అదే నైట్ డ్యూటీ. ఇంటికి పోతూ పోతూ రోజు రెండు జిలేబీలు తింటడు. ఏం లేదు ఆయనకు."

"ఆయన టెస్ట్ చేయించుకున్నడా?"

"లేదు."

"చేయించుకోకుంటే అందరికి ఏం లేదు."

"అన్నకు గూడ గట్లనే ఏం లేకుండె. డ్రమ్ములు మోసి మోసి మోకాళ్ళు గుంజుతున్నయని రోజొక నొప్పుల గోళి. మెడికల్ షాపాయన అడగకముందే చేతిల పెట్టేటోడు. బీపీ గోళి మాత్రం గుర్తొస్తే ఏసుకునుడు. తొక్కు లేకుంటే ముద్ద దిగకపోయేది. పదేండ్లు మంచిగనే ఉండె. ఒక్క దినం కాళ్ళు వాసినయ్, దవాఖానకు పోతే రెండు కిడ్నీలు ఖరాబైనయన్నరు."

"మన చేతిల ఏమున్నది?"

"నా చేతిలనే ఉండె గదా. ఒక్క మూన్నెల్లు నోరు కట్టుకునుడు. గంతే అడిగిన్రు నన్ను."

"ఫోన్ మోగుతున్నది."

"వదినె."

"ఎత్తు."

"నువ్వెత్తు."

"నీకు జేసింది. ఎత్తకుంటే ఇంక భయపడ్తది. స్పీకర్ పెట్టు, నేనున్న."

"వదినె, ప్రైస్ ది లార్డ్."

"ప్రైస్ ది లార్డ్ సంజీవ. మీ అన్న మిషన్ మీదున్నడు. గంట నుంచి ఒకటే అడుగుతుండు, తమ్మునిది వచ్చిందా, తమ్మునిది వచ్చిందా అని. వచ్చిందా?"

"ఇంకా... సర్వర్ డౌన్ ఉన్నదంట వదినె. సాయంత్రం అంటున్నరు."

"సరే మరి. మంచిగనే వస్తదిలే. ఆయనకు నీళ్ళు కావాలంట. రోజంతటికి సగం బాటిలే తాగాలె గదా, పొద్దుగాలనే అయిపోయింది. ఐసు ముక్క నోట్లె పెట్టిన. హన్నా ఉన్నదా పక్కన?"

"ఉన్న అక్కా."

"గీ మూన్నెల్లు సంజీవ తిండి అంత నువ్వే సూసుకున్నవ్. మీ బావ అదే అంటుండు, హన్నా వండిపెట్టకుంటే సంజీవ నోరు కట్టుకునేటోడా అని. సచ్చేదాక మర్సిపోను నీ మేలు."

"గట్లనకు అక్కా."

"అనకుంట ఎట్లుంట? సరే, రాంగనే చెయ్యి. స్తోత్రం."

సంజీవరావు ఫోనును జేబులో పెట్టుకోలేదు. అరచేతిలో బోర్లించి పట్టుకున్నాడు.

"సర్వర్ డౌన్ అంట."

"ఏం జెప్పాలె మరి? మొన్న ఆదివారం చర్చిల నిలవడి సాక్ష్యం జెప్పిన. మా అన్నకు నా కిడ్నీ ఇస్తున్న అని మైకుల చెప్పిన. అందరు చప్పట్లు గొట్టిన్రు. పాస్టరయ్య నన్ను మోకాళ్ళ మీద కూసోవెట్టి, నెత్తికి నూనె రాసి ప్రార్థన జేసిండు. రిపోర్ట్ రాకముందే సాక్ష్యం జెప్పినోడు ఉప్పల్ మొత్తంల నేనొక్కన్నే ఉంట."

"వద్దన్న గదా నేను. వచ్చినంక చెప్పమన్న."

"ముందుగాల చెప్తేనే విశ్వాసం అన్నరు."

"అనేటోళ్ళకేం."

"అన్న మొదటి వరుసల కూసొని ఏడ్సిండు. చిన్నగున్నప్పుడు నాయిన పోయినంక గూడ ఆయన ఏడ్వంగ నేను సూడలే."

"ఊకో."

"నన్ను ఐటీఐకి సైకిల్ మీద తోలుకపోయిండు. రెండేండ్లు. నాకు తొక్కొస్తది, నేను తొక్కుత అంటే, నువ్వు సదువుకో వెనుక కూసొని అన్నడు."

"ఊకో అన్న గదా. నేనొకటి జెప్త. కొట్టకు."

"ఎన్నడన్న కొట్టిన్నా?"

"కొడితే మంచిగుండు."

"ఏంది హన్నా?"

"డ్యూటీకి రోజు రాగి జావ ఇచ్చిన గదా."

"ఇచ్చినవ్."

"ఉప్పేసి, మజ్జిగ కలిపి ఇయ్యమన్నది దవాఖానల మేడం."

"అవ్."

"నేను బెల్లం ఏసిన."

"ఎంత?"

"పిడికెడు. ఒక్కోసారి ఇంక ఎక్కువ. మొదటి రోజే అడుగుతవనుకున్న, ఏందే తియ్యగున్నది అని. ఖర్జూరం అని చెప్దామని తయారుగున్న. నువ్వు అడగలే. గుట్కా తిని తిని నాలుక సచ్చిపోయిందనుకున్న."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? ఆపరేషనైనంక కొన్ని నెలలు బరువులెత్తొద్దన్నడు డాక్టర్. నీది డ్రమ్ములెత్తే పని. కూసోవెట్టి ఎవడిస్తడు జీతం? మన బిడ్డ స్పందన ఇంటర్ల ఉన్నది. ఒక మంచం మీద బావ, ఒక మంచం మీద నువ్వు. నేను అక్క ఎటు పోవాలె? బావ బతకొద్దని గాదు. దేవునికి తెలుసు."

"దేవుని ముచ్చట వద్దు."

"కొంచెం పెరిగితే వాళ్ళే వద్దంటరు, ఇయ్యనన్న మాట నీ మీదికి రాదు, తర్వాత బెల్లం ఆపేస్త, మల్ల మామూలైతవ్ అనుకున్న. గంతే అనుకున్న. నీకు నిజంగనే రోగం వస్తదనుకోలే. బతుకంత గోళీలంటే... నేను దెచ్చి పెట్టిన నీకు."

"రోజు ఏసినవా?"

"నడుమ పది దినాలు ఆపిన."

"ఎప్పుడు?"

"గుడ్ ఫ్రైడేకు ముందు. మేడిపల్లి పోయి బావను సూసొచ్చినం గదా. ఆయన కాళ్ళు సూసిన. వేలుతోని ఒత్తితే గుంట పడి అట్లనే ఉన్నది. ఇంటికొచ్చి బెల్లం డబ్బ ముట్టలే. ఉప్పు మజ్జిగ జావనే ఇచ్చిన. మల్ల ఒక రాత్రి నువ్వు లేని మంచం సూసి భయమైంది. మల్ల ఏసిన. తిట్టు. ఏమన్న అను. అక్కకు చెప్తవా?"

"చెప్పను."

"చెప్పుపో, పడ్త. గిట్ల సూడకు నా దిక్కు. మాట్లాడు నాతోని."

"ఆ పది దినాలు..."

"ఆ?"

"ఆ పది దినాలు జావల బెల్లం లేదని తెలిసి, క్యాంటీన్ల చక్కెర అడుక్కొని నేనే కలుపుకున్న హన్నా."